ప్రౌఢకు ప్రేతమే గతియా?

పాశ్చాత్య దేశములలో నిటీవల విరివిగా వెలువడుచున్న యొక తెగ నవలలను గూర్చి మన విద్యావంతుల యిండ్లలో నొక పరిహాసము వినవచ్చుచున్నది. ఆ నవలలలో నాయిక 40 ఏండ్లు దాటిన స్త్రీ. నాయకుడు మరణించియు మరణింపక, రాత్రులందు సంచరించుచు, పరుల రక్తముచే జీవించు పిశాచము. వీరిరువురకును ప్రేమ. ఈ సంగతి విన్నంతనే పెద్దలు పెదవి విరుతురు. పిన్నలు పకపక నవ్వుదురు. ఈ వయస్సున నీమెకు ప్రేమ యేమి, అదియు దయ్యముతోనా యని యందురు. మేము ఈ నవ్వును విమర్శింప బూనితిమి. ఈ ఎగతాళిలో రెండు భాగములు కలవు: దయ్యమును గూర్చినది యొకటి, వయస్సును గూర్చినది యొకటి. నవ్వువారు తాము దయ్యమును జూచి నవ్వుచున్నామని తలంతురు. కాని యదే దయ్యము 17 ఏండ్ల బాలికను ప్రేమించినప్పుడు వారు నవ్వలేదు. ఆ పుస్తకములను గొని కూతుండ్రకు కానుకలిచ్చిరి. ఆ చలనచిత్రములకు కుటుంబసమేతముగా నేగిరి. కావున వారి నవ్వునకు గురి దయ్యము కాదు, వయస్సు. అందును స్త్రీ వయస్సు.

మా వాదమిది. ప్రౌఢస్త్రీ ప్రేమకథ నవ్వదగినది కాదు. ఆ కథలో నామె నిజముగా కోరునది రక్తమును కాదు, అమరత్వమును కాదు. తన వయస్సును వార్ధక్యముగా నెంచని పురుషుని, తన యనుమతి లేనిదే తన గడప దాటని పురుషుని ఆమె కోరుచున్నది. ఈ రెండును జీవించియున్నవారు ఈయగలిగినవే. వానిని జీవించియున్నవారు ఈయక, ఆమె వానిని మృతునియందు వెదకికొన్నప్పుడు నవ్వుట రెండింతల యన్యాయము. అట్లని మేమీ నవలలకు వకాల్తా పుచ్చుకొన్నవారము కాము. ప్రౌఢకు ప్రేతమునే గతిగా చూపుటయు, ఆమె వయస్సును మంత్రముచే మాపినగాని ప్రేమార్హురాలిగా నొప్పుకొనకుండుటయు ఈ సాహిత్యమునందలి గొప్ప దోషములు. ఈ దోషములు నేడు పుట్టినవి కావు. వాని మూలములను కొంచెము విచారింతము.

ముందుగా పేరును గూర్చి యొక మాట. పాశ్చాత్యులు వాంపైర్ అను దానిని మనవారు రక్తపిశాచమని యనువదించుచున్నారు. 1870లో రిచర్డ్ బర్టన్ అను నాంగ్లేయుడు మన బేతాళకథలను తన భాషలోనికి దెచ్చి, బేతాళునికి వాంపైర్ అనియే పేరు పెట్టెను. అది పొసగని పేరు. మన బేతాళుడు శవము నావహించి, చెట్టునుండి వ్రేలాడి, విక్రమార్కుని భుజమెక్కి కథలు చెప్పి చిక్కుప్రశ్నలు వేయువాడే కాని, ఒకరి కంఠమున రక్తము పీల్చువాడు కాడు. ఒక స్త్రీ ప్రేమను గోరి వచ్చువాడును కాడు. కాబట్టి యీ కథకు పుట్టినిల్లు మన దేశము కాదు, తూర్పు ఐరోపా. అక్కడికే పోయి చూడవలెను.

1725వ సంవత్సరమున సెర్బియాదేశమందలి కిసిల్యెవో యను గ్రామమున పీటర్ బ్లగోయెవిచ్ అను కాపు మరణించెను. పిమ్మట ఎనిమిది దినములలో తొమ్మండుగురు చనిపోయిరి. బ్లగోయెవిచ్ నిద్రలో తమమీదికి వచ్చి గొంతు పిసికెనని వారు మరణశయ్యపై చెప్పిరట. ఆస్ట్రియా ప్రభుత్వోద్యోగి యొకడు చూచుచుండగనే గ్రామస్థులు సమాధి త్రవ్వి, శవము గుండెలో మేకు దిగవేసి, దానిని కాల్చివేసిరి. ఆ యుద్యోగి పంపిన నివేదిక యా సంవత్సరమే వియన్నా పత్రికలో నచ్చుపడెను. ఈ కథలో అందరును మేకును, రక్తమును జ్ఞాపకముంచుకొందురు. మేము వేరొకరిని జ్ఞాపకము చేయుచున్నాము, అతని భార్యను. చనిపోయిన భర్త వచ్చి తన చెప్పులిమ్మని యడిగెనని ఆమె చెప్పెను. చెప్పి, ఆ యూరు విడిచి వేరొక యూరికి పోయెను. చరిత్ర ఆమెను అంతటితో విడిచిపెట్టినది. రక్తపిశాచమును గూర్చి యచ్చుపడిన తొలి వృత్తాంతములలోనే ఒక వితంతువు కలదనియు, ఆమెయొద్దకు వచ్చినవాడు అపరిచితుడైన ప్రభువు కాక మృతుడైన భర్త యనియు చదువరులు గమనింతురు గాక.

అట్టి భార్య యా యొక్క గ్రామముననే కాదు. సెర్బియా భాషకు నిఘంటువు కూర్చిన వూక్ కరాజిచ్, 1818లో మొదట వెలువడిన తన గ్రంథమున, ఆ ప్రాంతపు నమ్మకము నొకదానిని వ్రాసియుంచెను. రక్తపిశాచమైన భర్త యప్పుడప్పుడు తన భార్యయొద్దకు వచ్చి శయనించుననియు, అట్లు పుట్టు బిడ్డకు ఎముకలుండవనియు జనులు చెప్పుకొనుచుండిరట. ఈ నమ్మకము నూరక మూఢత్వమని త్రోసివేయుటకు ముందు దాని లోపలి పని యేమో యోజింపవలెను. వితంతువు గర్భవతి యైనదనుకొందము. ఊరు సమాధానము వెదకును. ఆమెకు బ్రతికియున్నవానిపై మనసు కలిగెనని యొప్పుకొనుటకంటె, మగడే సమాధినుండి లేచి వచ్చెనని నమ్ముట యూరికి సులభము, ఆమెకును క్షేమము. రక్తపిశాచము, మేమూహించినంతవరకు, వితంతువు కోరికకు లోకము కప్పిన దుప్పటి. ఆ కోరికకు బ్రతికినవారిలో చోటు లేకపోయినందున చచ్చినవారిలో చోటు చేసిరి. నేటి నవలాకారులు క్రొత్తగా కల్పించితిమనుకొను ప్రేమకథ, మూడువందల యేండ్ల క్రిందట నొక పల్లెస్త్రీ తన్ను గాచికొనుటకు చెప్పుకొనియుండదగిన కథయే.

ఈ నమ్మకమును ప్రభుత్వము చూచుచు నూరకుండలేదని చెప్పుట న్యాయము. 1755లో మొరేవియా ప్రాంతమున రోజీనా పొలాకిన్ అను మృతస్త్రీ శవమును రక్తపిశాచమని త్రవ్వి తీసి కాల్చగా, మరియా తెరీసా మహారాణి తన వైద్యుడైన గెరార్డ్ వాన్ స్వీటెన్‌ను విచారింపుమనెను. భూమిలో శవము కుళ్లక నిలుచుటకు చలి, గాలి సోకకుండుట మున్నగు ప్రకృతికారణములు కలవని యాతడు తేల్చెను. రాణి యట్టి శవదహనములను, మేకులను నిషేధించెను. సంస్కారప్రియులకు ఇది సంతోషకరమైన ఘట్టము. కాని యిందొక వెలితి కలదు. శవములకు రక్షణ దొరకినది. శవము పేరు చెప్పుకొని బ్రతుకవలసివచ్చిన స్త్రీకి ఏ రక్షణయు దొరకలేదు. భయము పోయినది; భయమునకు చాటున నున్న మనస్సును ఎవరును విచారింపలేదు. సంస్కరణము పలుమారులిట్లే సగము దారిలో నిలిచిపోవును.

తరువాత నీ పిశాచము పల్లె విడిచి పట్టణమునకు, పాత్రికేయుని చేతినుండి కవి చేతికి వచ్చెను. 1816లో జెనీవా సరస్సు తీరమున బైరన్ ప్రభువు విడిదిలో సాగిన సాహిత్యగోష్ఠినుండి పుట్టి, 1819లో వెలువడిన జాన్ పాలిడోరి కథలో కాపు పోయి ప్రభువు ప్రవేశించెను. ప్రభువుతోపాటు స్త్రీయు మారినది. వితంతువు పోయి కన్యక వచ్చెను. ఆ కథయందలి లార్డ్ రూత్వెన్‌కు బలియైనవారిద్దరును లేబ్రాయపు పడుచులే. 1872 నాటి షెరిడన్ లెఫాను కథ కార్మిల్లాలో పిశాచమే స్త్రీ యైనను, ఆమె గాలము వేసినది లేబ్రాయపు పిల్లకే. అనగా పల్లెవారి నోట ప్రౌఢకుండిన యా కొంచెము చోటును సాహిత్యము పుచ్చుకొన్నది.

1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన డ్రాకులా యను సుప్రసిద్ధ నవలను చూడుడు. అందు లూసీ యను నాయికకు ఇంకను 20 నిండలేదు. ఒక్క దినమున ముగ్గురు ఆమెను వివాహమాడుమని కోరుదురు. నలువురు పురుషులు ఆమెకు తమ రక్తమిత్తురు. తుదకు ఆమె పిశాచమైనప్పుడు ప్రధానమైన వరుడే యామె గుండెలో మేకు దిగవేయును. ఇక నందలి ప్రౌఢస్త్రీలెవరు? పూటకూటియింటి ముసలమ్మ యొకతె. ఆమె బాటసారి మెడలో శిలువ వేసి, అతని తల్లిని తలచి యది ధరింపుమనును. బిడ్డను పోగొట్టుకొని కోటవాకిట నేడ్చు తల్లి యొకతె. ఆమెను తోడేళ్లు తినును. లూసీ తల్లి యొకతె, గుండెజబ్బు మనిషి, కూతురి రక్షణకై వైద్యుడు గదిలో నుంచిన వెల్లుల్లి పూవులను, గాలి యాడుటలేదని తీసివేసి, కిటికీ తెరచి, తెలియకయే పిశాచమునకు దారి యిచ్చును. ముగ్గురును తల్లులుగా, తల్లితనపు గుర్తులుగా మాత్రమే కథలోనికి వత్తురు. ఒకతె రక్షించును, ఒకతె యేడ్చును, ఒకతె చెరచును. కోరునది యొక్కతెయు లేదు. ముసలిప్రభువు మాత్రము పడుచుల రక్తము త్రాగి, నెరసిన జుట్టు నల్లబడి, నానాటికి పడుచువాడగును.

అదే 1897లో మన భాషలో నచ్చయిన గ్రంథమొకటి కలదు, గురజాడవారి కన్యాశుల్కము. అది 1892లోనే రంగమెక్కినది. ఆ రెండు పుస్తకములకు సంబంధము లేదు. కాని రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో నొక సత్యము తెలియును. అక్కడ కోటలోని ముసలిప్రభువు. ఇక్కడ రూకలు పోసి పసిపిల్లను కొన జూచు లుబ్ధావధాన్లు. లేత ప్రాణముపై ముదిమి బ్రతుకుట యక్కడ భయానకము. ఇక్కడ నాడు నిత్యవ్యవహారము. మరియొక సంగతి. ఆ నాటకమున వితంతువులిద్దరు కలరు. బుచ్చమ్మకు పూనా శరణాలయపు దారి దొరకినది. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి, లోకమెరిగిన వితంతువు, ఏ దారియు లేక మిగిలిపోయినది. జాలి పడుటకు వీలైన స్త్రీ సంస్కరణమునకు పాత్రురాలు. కోరిక గల స్త్రీ పరిహాసమునకు పాత్రురాలు. గురజాడవారు లోకమునున్నట్లు చూపిరి. ఆ లోకము నేటికి పూర్తిగ మారెనా యనుటయే మా ప్రశ్న.

ప్రౌఢ కోరినచో నామెయే పిశాచమని లోకమెట్లు చెప్పునో యొక చారిత్రకోదాహరణము చాలును. హంగరీ దేశపు ఎలిజబెత్ బాతొరీ 1560లో పుట్టి, 1604లో వితంతువై, విస్తారమైన భూములకు తానే యజమానురాలై యుండెను. 1610 తుదిలో నామెను బంధించిరి. విచారణ జరుపకయే కోటలో నుంచిరి. 1614లో నక్కడనే మరణించెను. పరిచారికలను హింసించెనని పలువురు సాక్ష్యమిచ్చిరి. అందలి సత్యాసత్యములను గూర్చి చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. మేమామె నిర్దోషి యనుట లేదు. కాని లోకమున నేమి ప్రసిద్ధి? యౌవనము నిలుపుకొనుటకై కన్యకల రక్తమున స్నానము చేసెనని. ఈ మాట నాటి సాక్ష్యములలో లేదు. ఆమె పోయిన నూరేండ్లకు పైబడి, 1729లో నొక క్రైస్తవ సన్న్యాసి వ్రాసిన గ్రంథమున నిది మొదట నచ్చుపడెను. 1817లో సాక్ష్యములు వెలువడినపుడు రక్తస్నానపు మాట యందు కానరాలేదు. ఐనను లోకము సాక్ష్యమును విడిచి కట్టుకథనే పట్టుకొన్నది. ఏలయన 50 ఏండ్ల స్త్రీ చేసిన యే దోషమునకైనను, తన వయస్సును జూచి తాను సిగ్గుపడుటయే కారణమై యుండవలెనని లోకమునకు దృఢవిశ్వాసము.

ఇక నాధునికుల యొద్దకు వత్తము. 1976లో ఆన్ రైస్ వ్రాసిన ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్ అను నవలలో క్లాడియా యను 5 ఏండ్ల బిడ్డ పిశాచమగును. మనస్సు పెరిగి స్త్రీ యగును. దేహము బిడ్డయై నిలిచిపోవును. ప్రౌఢత్వము రానీయని వరము వరము కాదు, శాపమని యింత బలముగా చెప్పిన పుస్తకము మరియొకటి మేమెరుగము. ఆ నవలలోనే మదలీన్ అను ప్రౌఢ కలదు. కూతురిని గోల్పోయి బొమ్మలు చేయుచు బ్రతుకు స్త్రీ. ఆమెకు పిశాచత్వమేల ఈయబడినది? క్లాడియాకు తల్లిగా నుండుటకు! స్టోకర్ నాటినుండి 80 ఏండ్లు గడచినను ప్రౌఢకు తల్లి వేషమే.

2005లో స్టెఫనీ మేయర్ వ్రాసిన ట్వైలైట్ అను నవల వెలువడెను. నాయకుడు 1901లో పుట్టి 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో చావనుండగా పిశాచమైనవాడు. లెక్కకు నూరేండ్లు దాటినవాడు. నాయికకు 17 ఏండ్లు. రాత్రులందామె నిద్రించుచుండ గదిలో దూరి చూచుచుండును; దీనిని ప్రేమయని కోట్ల పాఠకులు మెచ్చిరి. 2006లో వచ్చిన రెండవ భాగము నాయిక 18వ పుట్టినరోజున తన్ను తాను ముదుసలిగా కలగని యడలుటతో ప్రారంభమగును. 18 ఏండ్లకే వార్ధక్యభయము! తుదకు 19 నిండకమునుపే యామె పిశాచమై, ఇక నెన్నటికిని పెద్దది కానని యూరడిల్లును. ఈ కథయందే యొక మూల నాయిక తల్లి కలదు. ఆమె బంతియాటగాని నొకనిని పెండ్లియాడి సుఖముగ నున్నది. బ్రతికియున్న ప్రౌఢ, బ్రతికియున్న పురుషుని కోరి వరించినది. అంతకంటె నద్భుతమైన సంగతి యా గ్రంథమున లేదు. కాని దానికి దొరకినవి కొన్ని పుటలే; కూతురు వేరొక యూరికి పోవుటకు కారణముగా మాత్రమే యది పనికివచ్చినది.

ఇటీవల కొంత మార్పు కనబడుచున్నది. దానిని కాదనుట న్యాయము కాదు. 2011లో దెబోరా హార్క్‌నెస్ అను చరిత్రాచార్యురాలు వ్రాసిన ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్ అను నవలలో నాయిక 30 దాటిన పండితురాలు. ఆక్స్‌ఫర్డ్ నందలి బోడ్లియన్ గ్రంథాలయమున ప్రాచీనగ్రంథములు చదువుకొనుచుండగా, 1500 ఏండ్ల పిశాచమామెను కలియును. అతడామెతో గ్రంథములను గూర్చి మాటలాడును. 2013లో జిమ్ జార్ముష్ తీసిన ఓన్లీ లవర్స్ లెఫ్ట్ అలైవ్ అను చలనచిత్రమున శతాబ్దముల దాంపత్యము గల పిశాచమిథునములో భార్యగా నటించిన టిల్డా స్వింటన్‌కు అప్పటికే 50 దాటినవి. 2020 ప్రాంతమున నమెరికాలో 40 దాటిన నాయికలకే ప్రత్యేకముగా నిట్టి యద్భుతకథల శాఖ యొకటి బయలుదేరినది. అదే యేట కె. ఎఫ్. బ్రీన్ వ్రాసిన మాజికల్ మిడ్‌లైఫ్ మాడ్‌నెస్ నాయిక 40 ఏండ్లది. భర్తతో విడిపోయి, కొడుకు కాలేజీకి పోగా, బ్రతుకును మరల మొదలుపెట్టునది. ఇట్టి పుస్తకములను వ్రాయువారును, చదువువారును పెక్కురు స్త్రీలే. వారు తమ యాకలిని తామే చెప్పుకొనుచున్నారు. దానిని వినుట మర్యాద.

మరి యీ కథలలో ప్రౌఢ యేమి చూచుచున్నది? నాలుగువందల యేండ్లు బ్రతికినవానికి 45 ఏండ్ల స్త్రీ ముసలిది కాదు. అతడు వంట చేయుమనడు. వేళకు కాఫీ రాలేదని కసరడు. పగలెల్ల ఇంటి చాకిరిలో గడచిన స్త్రీకి తనదై మిగిలినది రాత్రి యొక్కటే. అతడు రాత్రియే మేలుకొనును. తొందర లేనివాడు, ఆమె చెప్పునది వినుటకు శతాబ్దముల తీరిక గలవాడు. అన్నిటికంటె ముఖ్యమైనది, స్టోకర్ తన నవలలో స్పష్టపరచి లోకప్రసిద్ధము గావించిన నియమము: ఇంటివారొకరు రమ్మని పిలువనిదే పిశాచము గడప దాటరాదు. మన యిండ్లలో నింటి యిల్లాలి యనుమతి యడిగి లోనికి వచ్చు పురుషుడెవడు? చుట్టములు వత్తురు, మగని స్నేహితులు వత్తురు, అధికారము గలవారెల్ల వత్తురు. ఆమె మంచినీళ్లు పట్టుకొని వచ్చును. గడపకీవల నిలిచి, లోనికి రావచ్చునా యని యడుగువాడొక్కడు కథలలో దొరకినందుననే ఆమె మనస్సు కరగుచున్నది. ఆ మనస్సును వెఱ్ఱియని యెట్లనగలము?

కాని యిచ్చటనే మేమా కథలను నిలువదీయవలసియున్నది. ఆ నియమమునకు రెండవ సగము కూడ స్టోకరే వ్రాసెను: ఒక్కసారి పిలిచిన పిమ్మట పిశాచము తనకిష్టమైనప్పుడెల్ల రావచ్చును. ఒక్క పర్యాయపు పిలుపు బ్రతుకంతకును చాలునట! ఇది పిశాచధర్మమే కాదు. మన పెండ్లిపీటల ధర్మము కూడ నిదియే. ఒకనాడు తలవంచి తాళి కట్టించుకొన్నందున నన్ని రాత్రులకును, అన్నిటికిని ఒప్పుకొన్నట్లే యని వాదించువారు నేటికిని కలరు. ప్రతిదినమును అడుగవలసినదే యనుమతి. ఇక వయస్సు మాట. ప్రియుడు కంఠమున పండ్లు నాటి నాయికను తనవలె ముదిమి లేనిదానిగా మార్చుటను ఈ కథలు పరమావధిగా చూపును. నెరసిన వెండ్రుకలతో, ప్రసవపు చారలతో, మోకాలి నొప్పులతో నున్న స్త్రీ ప్రేమింపబడెనని మొదట చెప్పి, చివరకు వానిని మాపివేసినచో నా మొదటి మాట యబద్ధమైనట్లే కదా. నాయికను ముద్దు చేయుచునే ఆమె వయస్సునకు మేకు దిగవేయుచున్నారు.

ఆక్షేపణలు మూడు వినబడును. ఇట్టి కథలు మూఢవిశ్వాసమును పెంచునని యొకటి. మూఢవిశ్వాసమునకు శత్రువులమే మేము. కాని నవల చదివి యెవ్వరును సమాధులు త్రవ్వలేదు. దయ్యము పట్టినదని స్త్రీలను వేపమండలతో కొట్టువారు నవలలు చదివి యట్లు చేయుట లేదు. కథను కథగా చదువ నేర్చుటయే దయ్యముల భయమునకు మందు. రెండవది, ఇవి నీతిని చెరచునని. పసిపిల్లను నూరేండ్లవానికి జతచేసిన కథవలన చెడని నీతి, ప్రౌఢ తన మనసెరిగి యొకని వరించుటవలన నెట్లు చెడునో మాకు తెలియదు. మూడవది, వయస్సునకు తగదని. మన యాలంకారికులు నాయికలను ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని విభజించిరి. వారి ప్రౌఢ యేండ్ల లెక్కచే గాక, తన మనస్సు తానెరుగుటచే ప్రౌఢ. ఆమెను రసమునకు వెలియని వారనలేదు. ఆ మాటను నిఘంటువున నుంచుకొని మనుష్యురాలిని మాత్రము మూలకు ద్రోయుట యే శాస్త్రము?

సాహిత్యపు మాట యటుండనిండు. ఇంటి మాటకు వత్తము. 1856లోనే వితంతువివాహము చట్టసమ్మతమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ మహాకార్యమునకు మన జాతి యెన్నటికిని ఋణపడియున్నది. కాని నాటి వాదమునకు ముఖ్యబలము బాలవితంతువుపై జాలి. జాలి మంచిదే, అది హక్కు కాదు. పసిదానిని జూచి కరగిన మనస్సు, 50 ఏండ్ల వితంతువు గాని, భర్తతో విడిపోయిన స్త్రీ గాని తోడు కోరినప్పుడు కరగుట లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము వివాహమునకు కనీస వయస్సును చెప్పినది. ఇంతకు మించరాదని యెక్కడను చెప్పలేదు. చట్టము వేయని యా కంచెను బిడ్డలు వేయుచున్నారు. తండ్రి రెండవ పెండ్లికి, వండిపెట్టువారుండవలెను గదా యని సమాధానపడు కొడుకు, తల్లి తోడు కోరినపుడు ఊరిలో తలయెత్తుకొనుటెట్లనును. ఆమెకు మనుమల నప్పగింతురు, భక్తిగ్రంథముల నిత్తురు, దూరదేశమునుండి వారమునకొక పర్యాయము తెరపై ముఖము చూపుదురు. ఆ తరువాత నామె రాత్రివేళ దీపము ప్రక్కన నొక పిశాచప్రేమకథ చదివినచో నవ్వుదురు!

కావున నవలాకారులను మేము కోరునది, నాయిక వయస్సును చివరి పుటవరకు నిలిపియుంచుడని. నాయకుని ప్రతి రాత్రియు గడపకీవలనే నిలిపి యడిగింపుడని. పిశాచమే కావలెనన్న పిశాచమునే వ్రాయుడు. కాని బ్రతికినవారిలో నామెకు చోటు లేకుండుట యేల యని యా కథలోనే యొక్కరైనను అడుగుదురు గాక. పాఠకులను కోరునది, పుస్తకమును చూచి నవ్వక, అది చదువు స్త్రీని చూచి, ఆమె యిందేమి వెదకుచున్నదని విచారింపుడని. ఇంటి బిడ్డలను కోరునది, తల్లి తన మనసు చెప్పిననాడు తండ్రి చెప్పినట్లే వినుడని.

కిసిల్యెవో గ్రామమున నా వితంతువు తన మాటను మృతుని నోట పెట్టి, ఊరు విడిచి పోవలసివచ్చెను. మూడువందల యేండ్లు గడచినవి. మన యిండ్లలోని స్త్రీకి తన మాట తన నోటనే చెప్పుకొని, తన యూరిలోనే, తన యింటనే యుండు వీలు కలుగువరకు సంస్కరణము ముగిసినదని చెప్పుటకు మనకెవ్వరికిని హక్కు లేదు.